రాండమ్‌ఎక్స్ జోలికి వెళ్లొద్దు: మొనేరో డెవలపర్లకు బహిరంగ లేఖ

మొనేరో డెవలపర్లకు, పరిశోధక బృందానికి, నోడ్లు నడిపేవారికి, సొంత కంప్యూటర్ల మీద మైనింగ్ చేసుకునే ప్రతి ఒక్కరికీ,



2025 సెప్టెంబర్ 14న, గోప్యత కోసం పుట్టిన మీ మొనేరో నాణెం బ్లాక్‌చెయిన్‌లో 18 బ్లాకులు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. రెండు నిమిషాలకు ఒక బ్లాకు చొప్పున అది 36 నిమిషాల చరిత్ర. వాటిలో చేరి ఖరారైనట్టే అనుకున్న లావాదేవీలు వందకు పైగా రద్దయ్యాయి. పది బ్లాకులు గడిస్తే వచ్చిన డబ్బు ఇక వెనక్కి పోదని మీరు ఏళ్లుగా చెబుతున్న నియమం ఆ రోజు నిలబడలేదు. నెల ముందు, ఆగస్టు 12న, ఆరు బ్లాకులు పోయినప్పుడే అందరికీ గుండె ఝల్లుమంది. రెండోసారికి ఆ భయం కోపమైంది. కోపంలోంచి ఒక డిమాండ్ పుట్టింది: మైనింగ్ అల్గారిథమ్ రాండమ్‌ఎక్స్‌ను మార్చేయండి, దాడి చేసేవాళ్లను ఒక్క దెబ్బతో బయటికి తోసేయండి, 2018లో చేశారు కదా, మళ్లీ చేయండి.

ఆ డిమాండ్‌కు తలొగ్గవద్దని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

తెలుగులో ఎందుకంటే, మీ సాఫ్ట్‌వేర్‌ను ఏ దేశం వాళ్లయినా, పేరు చెప్పకుండానే దిద్దవచ్చు. అలాంటి దాని గురించి ఏ భాషలోనైనా వాదించవచ్చు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ కోడ్ రాస్తున్న మా పిల్లలు క్రిప్టో అనగానే ధరల పట్టిక దగ్గర ఆగిపోతున్నారు. దాని లోపల జరుగుతున్న ఈ చర్చ వాళ్లకు కూడా అందాలని నా కోరిక. అందుకే మీకు కొట్టినపిండి అయిన సంగతులు కూడా కొన్ని చెప్పుకుంటూ వెళ్తాను, ఓపిక పట్టండి.

మైనింగ్ ఒక పందెం. తరువాతి బ్లాకు రాసే హక్కు కోసం వేల కంప్యూటర్లు ఒక లెక్కను కోట్లసార్లు వేసి చూస్తుంటాయి, ఎవరికి ముందు తగిలితే బహుమతి వాళ్లది. ఏ లెక్క వేయాలో చెప్పేది అల్గారిథమ్. ఆ లెక్క చిన్నది, ఎన్నటికీ మారనిది అయితే దానికోసమే ఒక చిప్ చేయించుకోవచ్చు. బిట్‌కాయిన్‌లో అదే జరిగింది. ఎసిక్ అనే ఆ యంత్రానికి ఒక్క లెక్క తప్ప ఇంకేమీ రాదు. ఆ ఒక్కటీ మాత్రం మన బల్ల మీది కంప్యూటర్ దరిదాపులకు కూడా రాలేనంత వేగంగా చేస్తుంది. అలాంటి చిప్‌లు తయారుచేసే కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డబ్బును ఎవరూ గుత్తకు తీసుకోకూడదని మొదలుపెట్టిన వ్యవస్థ ఆ కొద్ది కంపెనీల దయ మీద బతకడం తప్పని మీరు నమ్మారు. నేనూ నమ్ముతాను.

ఆ నమ్మకానికి పరీక్ష 2018లో వచ్చింది. ఆ ఫిబ్రవరిలో మీరు ఎసిక్‌లను అడ్డుకోవడానికి ఏడాదికి రెండుసార్లు అల్గారిథమ్‌ను కొద్దిగా మారుస్తూ పోతామని ప్రకటించారు. మార్చిలో బిట్‌మెయిన్ కంపెనీ మీ క్రిప్టోనైట్ అల్గారిథమ్ కోసమే ఆంట్‌మైనర్ ఎక్స్3 అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఏప్రిల్ 6న మీరు హార్డ్‌ఫోర్క్ చేశారు, అంటే నెట్‌వర్క్ నియమాలనే మార్చారు. ఆ యంత్రం కొనుగోలుదారు ఇంటికి చేరకముందే మొనేరోకు పనికిరానిదైంది. ఫోర్క్ తరువాత నెట్‌వర్క్ మొత్తం హ్యాష్‌రేట్, అంటే మైనింగ్ బలం, సగానికి పైగా పడిపోవడం చూశాకే అసలు సంగతి అర్థమైంది. ఎక్స్3 బజారుకు రాకముందు నుంచే ఎసిక్‌లు చప్పుడు లేకుండా మీ నెట్‌వర్క్‌లో పనిచేస్తున్నాయి. వాటిని వదులుకోలేనివాళ్లు పాత అల్గారిథమ్‌నే పట్టుకుని మొనేరో క్లాసిక్, మొనేరో ఒరిజినల్ వంటి చీలికలు పెట్టుకున్నారు. అవి నిలవలేదు.

ఈ విజయాన్ని తక్కువ చేయను. అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. 2018 అక్టోబర్‌లో రెండో మార్పు చేశారు. కొన్ని నెలలకే ఎసిక్‌లు తిరిగొచ్చాయి. ఈసారి వాటిని పట్టించింది బ్లాకుల్లో ఉండే నాన్స్ అనే సంఖ్య. ఎక్కడ పడితే అక్కడ చెదిరి ఉండాల్సిన ఆ సంఖ్యలు గ్రాఫ్ మీద పెడితే గీతలు గీతలుగా కనిపించాయి. ఒకే రకం యంత్రం ఒకే పద్ధతిలో వెతుకుతున్నదనడానికి అది ఆనవాలు. హ్యాష్‌రేట్‌లో 85 శాతం వాటిదే అయి ఉంటుందని 2019 ఫిబ్రవరిలో ఒక విశ్లేషణ అంచనా వేసింది. మార్చి 9న మూడోసారి మార్చారు. అప్పటికి మీకే తెలిసిపోయింది, ఈ పరుగుకు అంతం లేదని. ఆరు నెలలకోసారి మైనర్లు జట్టుగా తవ్వే ప్రతి పూల్, ప్రతి ఎక్స్చేంజ్, ప్రతి వాలెట్ అప్‌డేట్ కావాలి. కానివాళ్లు బయటపడిపోతారు. ఆ అప్‌డేట్ రాసే నలుగురి చేతుల్లో అడగని అధికారం పోగుపడుతుంది. రాబోయే మార్పు ఏమిటో ముందే తెలిసినవాడికి అది బంగారు గని. మీ డెవలపర్లు నిజాయితీపరులే. కానీ నిజాయితీని నమ్ముకుని నడవాల్సిన అవసరం లేకుండా చేయడమే కదా ఈ వ్యవస్థ ఉద్దేశం.

మా ప్రాంతానికీ ఈ కథతో ఒక ముడి ఉంది. 2018 సెప్టెంబర్‌లో గౌహతికి చెందిన భద్రతా పరిశోధకులు మన దేశంలో వందలాది వెబ్‌సైట్లలో క్రిప్టోజాకింగ్ కోడ్ దాగి ఉందని బయటపెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టర్ కార్యాలయం, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం సైట్లు ఉన్నాయి. ప్రజలు తమ ఊరి సైటు తెరిస్తే వాళ్ల కంప్యూటర్ వాళ్లకు తెలియకుండానే ఎవరికో మైనింగ్ చేసిపెట్టేది. ఆ రోజుల్లో ఇలాంటి దొంగ కోడ్ తవ్వింది చాలామటుకు మొనేరోనే. మామూలు ప్రాసెసర్ మీద లాభసాటిగా తవ్వగలిగిన నాణెం అది. ఈ వ్యాపారంలో పేరుమోసిన కాయిన్‌హైవ్ అనే సేవ 2019 మార్చిలో మూతపడింది. మూసేస్తూ చెప్పిన కారణాల్లో మొనేరో ధర కూలడంతో పాటు, మీ హార్డ్‌ఫోర్క్ తర్వాత తమ హ్యాష్‌రేట్ సగానికి పైగా తగ్గడం కూడా ఉంది. మాచర్లలో ఎవరి కంప్యూటర్ చల్లబడిందో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, అందులో మీ ఫోర్క్‌లకూ పాలుంది. ప్రాసెసర్ మైనింగ్‌ను సమర్థించే ఎవరైనా దాని ఈ ముఖాన్ని కూడా చూసి మాట్లాడాలని నేననుకుంటాను. అందరి ఇంట్లో ఉండే యంత్రంతో మైనింగ్ చేయవచ్చంటే, అందరి ఇంటి యంత్రాన్నీ దొంగిలించవచ్చని కూడా అర్థం.

ఆ పరుగును ఆపడానికి మీరు ఎంచుకున్న దారి 2019 నవంబర్ 30న అమల్లోకి వచ్చిన రాండమ్‌ఎక్స్. ఇప్పటి గొడవలో దాన్ని పాత సామానులా పక్కన పడేయమంటున్నవాళ్లు అది చేసే పని ఒక్కసారి నిదానంగా చూడాలి. రాండమ్‌ఎక్స్ మైనర్‌కు ఒక లెక్క ఇవ్వదు, అప్పటికప్పుడు పుట్టిన ప్రోగ్రామ్ ఇస్తుంది. ఒక్క హ్యాష్ కోసం అలాంటి ఎనిమిది ప్రోగ్రామ్‌లు వరసగా నడవాలి, ఒక్కోదానిలో 256 ఆదేశాలు, ఒక్కోటీ 2,048 సార్లు తిరగాలి. ఆ ఆదేశాల్లో పూర్ణాంకాల కూడికలుంటాయి, దశాంశాల లెక్కలుంటాయి, ఎటు తిరగాలో నడుస్తుండగా తేల్చుకునే మలుపులుంటాయి. పక్కన రెండు గిగాబైట్ల పైచిలుకు డేటా మెమరీలో సిద్ధంగా ఉండాలి, ప్రతి థ్రెడ్‌కూ రెండు మెగాబైట్ల వేగవంతమైన జాగా కావాలి. ఇవన్నీ చౌకగా చేయగల చిప్ తయారుచేయమని ఇంజినీర్‌ను అడిగితే, చివరికి అతను తెచ్చి చూపించేది ఒక ప్రాసెసర్‌నే. బిట్‌మెయిన్ 2023లో రాండమ్‌ఎక్స్ కోసం ఆంట్‌మైనర్ ఎక్స్5 తెచ్చినప్పుడు అదే రుజువైంది. మామూలు ప్రాసెసర్లను చిన్నబుచ్చేంత తేడా అది చూపించలేకపోయింది. అమల్లోకి రాకముందే నాలుగు భద్రతా సంస్థలు ఈ అల్గారిథమ్‌ను తనిఖీ చేశాయి. ఆరేళ్లు గడిచినా అది అనుకున్న పని చేస్తూనే ఉంది.

అది అనుకున్న పని ఏమిటో మరిచిపోకుండా ఉంటే, 2025లో ఏం జరిగిందో తేటగా కనిపిస్తుంది.

2025 దాడి వెనుక ఉన్న క్యూబిక్ దగ్గర రహస్య చిప్ లేదు. గోదాముల నిండా యంత్రాలూ లేవు. నెక్స్ట్, ఐయోటా అనే క్రిప్టో ప్రాజెక్టుల స్థాపనలో పాలుపంచుకున్న సెర్గీ ఇవాంచెగ్లో నడిపే ఈ ప్రాజెక్టు ఒక వింత బేరం పెట్టింది. మీ ప్రాసెసర్‌తో మా పూల్‌లో మొనేరో తవ్వండి, మేము దాన్ని అమ్మి ఆ డబ్బుతో మా టోకెన్ కొని కాల్చేస్తాం (చలామణి నుంచి తీసేస్తాం), మీకు మా టోకెన్‌లోనే కూలి ఇస్తాం. టోకెన్ ధర నిలబడినంత కాలం ఆ కూలి నేరుగా మొనేరో తవ్వితే వచ్చేదానికంటే ఎక్కువగా ఉంటూ వచ్చింది. మైనర్లు అటు నడిచారు. సగం దాటిన రోజున మిగతా పూళ్ల బ్లాకులను తిరస్కరిస్తామని ముందే చాటారు కూడా. ఆగస్టులో 51 శాతం దాటామని ప్రకటించుకున్నారు. స్వతంత్రంగా లెక్కలు చూసినవాళ్లు ఆ మాట ఒప్పుకోలేదు. వాళ్ల అంచనాల్లో అది మూడో వంతు దరిదాపుల్లోనే తిరిగింది.

మూడో వంతు చాలు. 2013లోనే ఇట్టే ఎయాల్, ఎమిన్ గున్ సిరర్ దీన్ని లెక్కకట్టి చూపించారు. దొరికిన బ్లాకును వెంటనే చాటకుండా దాచుకుని, దాని మీద ఇంకొకటి, ఇంకొకటి కడుతూ పోయి, అదను చూసి అన్నీ ఒకేసారి బయటపెడితే, అప్పటిదాకా మిగతావాళ్లు నిజాయితీగా తవ్విన బ్లాకులు వృథా అవుతాయి. దీన్నే సెల్ఫిష్ మైనింగ్ అంటారు. నెట్‌వర్క్‌లో మూడో వంతు బలం ఉన్నవాడికి అది లాభసాటి, పరిస్థితులు కలిసొస్తే నాలుగో వంతున్నా చాలు. 18 బ్లాకులు పోయింది ఇలాగే. ఆగస్టులోనే క్రాకెన్ ఎక్స్చేంజ్ మొనేరో డిపాజిట్లను ఆపేసింది. తరువాత తెరిచినప్పుడు 720 కన్ఫర్మేషన్లు, అంటే లావాదేవీ తరువాత అన్ని బ్లాకులు, కావాలంది. అది పూర్తిగా ఒక రోజు. ఇరవై నిమిషాల్లో చేతికందే డబ్బు ఇరవై నాలుగు గంటలు వేచి ఉండాల్సి వచ్చింది. మొనేరోను డబ్బుగా వాడుకునే వాళ్లకు ఇది ఎంత పెద్ద దెబ్బో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక చెప్పండి. ఏ అల్గారిథమ్ మారిస్తే ఈ దాడి ఆగుతుంది?

ఇంకో ప్రాసెసర్ అల్గారిథమ్‌కు మారితే, క్యూబిక్‌లో ఉన్న ప్రాసెసర్లు ఆ రోజే కొత్తదానికి మారతాయి. వాళ్లు చేయాల్సిందల్లా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోవడం. మీ నిజాయితీపరులైన మైనర్లు కూడా అదే చేస్తారు. నిష్పత్తి మారదు. పైగా అందరికంటే ముందు, అందరికంటే శ్రద్ధగా అప్‌డేట్ చేసుకునేది జీతాలిచ్చి ప్రోగ్రామర్లను పెట్టుకున్న పెద్ద పూలే గానీ, ఇంట్లో మూలన ఒక పాత కంప్యూటర్ నడుపుకునేవాడు కాదు.

గ్రాఫిక్స్ కార్డులకు మారదామంటారా? 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ మానేసినప్పటి నుంచి పని లేని కార్డులు ప్రపంచమంతటా పడి ఉన్నాయి. గంటల లెక్కన అద్దెకు దొరుకుతాయి. దాడి చేసేవాడికి ఇంతకంటే తేలిక ఏముంటుంది?

ఎసిక్‌లకే తలుపు తెరిచేద్దామన్న వాదన ఒకటుంది, దానికి కొంత బలం కూడా ఉంది. ఎసిక్ కొన్నవాడు ఆ నాణెం బతికితేనే తన పెట్టుబడి బతుకుతుందని జాగ్రత్తగా ఉంటాడని అంటారు. నిజమే. అయితే బిట్‌కాయిన్ అల్గారిథమ్ తీసుకుంటే అక్కడి మైనర్లలో ఏ చిన్న పూల్ అయినా మధ్యాహ్నం భోజనం వేళకు మొనేరోను ముంచేయగలదు. కొత్త అల్గారిథమ్ పెడితే మొదటి చిప్ ఎవరు చేస్తారో వాళ్లే కొన్నేళ్లు యజమానులు. 2018లో మీరు ఎవరి మీద యుద్ధం చేశారో వాళ్లకే తాళాలు అప్పజెప్పినట్టు. పెద్ద నాణెంతో కలిపి మైనింగ్ చేయించుకుందామనేవాళ్లు డోజ్‌కాయిన్‌ను చూపిస్తారు. అది 2014 నుంచి లైట్‌కాయిన్ మైనర్ల నీడలో బాగానే ఉంది. 2012లో కాయిల్డ్‌కాయిన్ సంగతి మాత్రం వాళ్లు చెప్పరు. బిట్‌కాయిన్‌తో కలిపి తవ్వే ఆ చిన్న నాణేన్ని ఎలిజియస్ అనే ఒక్క పూల్ పుట్టిన కొద్ది రోజులకే చంపేసింది. ఖర్చు కూడా పెద్దగా కాలేదు. మన మీద ఏ మమకారమూ లేనివాళ్ల చేతుల్లో మన భద్రత పెట్టడమంటే ఇదే.

వేరే నాణేల అనుభవం కూడా ఇదే చెబుతోంది. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్ మీద దాడి జరిగి 3,88,000 నాణేల దాకా దోపిడీకి గురయ్యాయి. ఆ జూలైలో వాళ్లు అల్గారిథమ్ మార్చారు, పాత యంత్రాలు అద్దెకిచ్చేవాళ్లు ఇక రాలేరని ఊపిరి పీల్చుకున్నారు. 2020 జనవరిలో మళ్లీ దాడి. వర్ట్‌కాయిన్ 2018 చివర్లో వరస దాడులు తిని 2019 ఫిబ్రవరిలో కొత్త అల్గారిథమ్‌కు మారింది. అదే డిసెంబర్‌లో దాని చెయిన్‌లో 603 బ్లాకులు ఎగిరిపోయాయి. రెండుచోట్లా అల్గారిథమ్ మారింది, దాడికి అయ్యే ఖర్చు మారలేదు. 2020 ఆగస్టులో ఒకే నెలలో మూడు దాడులు చవిచూసిన ఇథీరియం క్లాసిక్ అల్గారిథమ్‌ను సవరించింది, ఒప్పుకుంటాను. కానీ దానికంటే ముందు, బాగా లోతుకు వెళ్లి చరిత్రను తిరగరాయాలనుకునే చెయిన్ మిగతావాటికంటే చాలా ఎక్కువ పని చూపించాలన్న నియమం పెట్టింది. ఆ దారి గురించే నేను మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

అంతకుముందు ఒక చేదు లెక్క చెప్పాలి. 2022 జూన్ నుంచి మీ బ్లాకు బహుమతి 0.6 మొనేరో, ఇక ఎప్పటికీ అంతే. రోజుకు 720 బ్లాకులు, అంటే 432 మొనేరోలు, ఆపైన కొద్దిపాటి రుసుములు. దాడి జరిగిన రోజుల ధరకు అది రోజుకు సుమారు లక్ష డాలర్లు. ప్రపంచంలో ఉన్న మొనేరో మొత్తానికి కాపలా కాసే జీతం ఇంతే. దానికంటే కొంచెం ఎక్కువ ఇవ్వగలిగినవాడు, అదీ తానే ముద్రించుకునే టోకెన్‌లో ఇవ్వగలిగినవాడు, కాపలావాళ్లలో మూడో వంతును కొన్ని వారాల పాటు తనవైపు తిప్పుకోగలిగాడు. కాపలావాడినే కొనేసినప్పుడు తలుపు తాళం మార్చి ఏం లాభం? 2018 దాడి యంత్రంతో జరిగింది, అందుకే యంత్రాన్ని పనికిరాకుండా చేసిన మందు పనిచేసింది. 2025 దాడి కూలితో జరిగింది. దీనికి వేరే వైద్యం కావాలి.

ఆ వైద్యం మీ చర్చల్లో ఇప్పటికే ఉంది. అది మెరుపు నిర్ణయంలా కనిపించదు కాబట్టి దానికి చప్పట్లు పడడం లేదు, అంతే. దాచిపెట్టి ఆలస్యంగా బయటపెట్టిన బ్లాకుకు తక్కువ విలువ ఇచ్చే పబ్లిష్ ఆర్ పెరిష్ అన్న నియమం 2017 నుంచి పరిశోధనల్లో ఉంది. నోడ్ తన కళ్లతో చూసిన క్రమాన్ని లెక్కలోకి తీసుకుంటే సెల్ఫిష్ మైనింగ్‌లో ఉన్న లాభం కరిగిపోతుంది. ఇది దాడి చేసేవాడి దగ్గర ఏ చిప్ ఉందో అడగదు, అతను ఏం చేశాడో చూస్తుంది. డిటెక్టివ్ మైనింగ్ అన్నది ఇంకో ఆలోచన, నాకు చాలా నచ్చింది. రహస్యంగా దాచుకున్న బ్లాకు మీద పనిచేయమని పూల్ తన మైనర్లకు చెప్పాలంటే ఆ బ్లాకు గుర్తును వాళ్లకు పంపక తప్పదు. ఆ గుర్తును చూసిన ఇతరులు కూడా దాని మీదే తవ్వడం మొదలుపెడితే దాచుకున్నందువల్ల వచ్చే ముందంజ పోతుంది. దాడి చేసేవాడి పద్ధతిలోనే అతని రహస్యం బయటపడే దారి ఉందన్నమాట. పూళ్లు ఆ గుర్తును ఎన్ని రకాలుగా దాచగలవో తేల్చడానికి మీ పరిశోధకుల సమయం ఖర్చు చేయండి, కొత్త అల్గారిథమ్ గీయడానికి కాదు.

చెక్‌పాయింట్ల గురించి నా మనసు అంత తేలికగా లేదు. కొందరు నమ్మకస్తులు ఎప్పటికప్పుడు ఇదే సరైన చెయిన్ అని డీఎన్‌ఎస్ ద్వారా చెబుతుంటే లోతైన తిరగరాతలు ఆగిపోతాయి, నిజమే. కానీ ఆ కొందరు ఎవరు? వాళ్ల మీద ఒత్తిడి వస్తే? గోప్యత కోసం పుట్టిన నాణెం మీద ప్రభుత్వాల చూపు ఎలా ఉందో చూస్తున్నాం. 2024లో బైనాన్స్ ఎక్స్చేంజ్ మొనేరోను జాబితా నుంచి తీసేసింది. ఈ పరిస్థితిలో ఎవరో ఒకరి సర్వర్‌ను అదుపులోకి తీసుకుంటే నెట్‌వర్క్ మొత్తం తలవంచే ఏర్పాటు శాశ్వతంగా ఉండకూడదు. ఇల్లు కాలుతున్నప్పుడు వాడి, తరువాత తీసేయాల్సినదిగా మాత్రమే చెక్‌పాయింట్లను ఒప్పుకుంటాను. అది ముగిసే బ్లాకు సంఖ్యను కోడ్‌లోనే రాసి పెట్టండి. పొడిగించాలంటే మళ్లీ అందరినీ ఒప్పించాల్సి రావాలి. తాకట్టు పెట్టిన నాణేల (స్టేక్) ఆధారంగా బ్లాకులను ఖరారు చేసే పొర ఒకటి పెట్టాలన్న ప్రతిపాదన ఇంతకంటే పెద్ద మార్పు. దాన్ని తొందరలో కాకుండా ఏళ్ల పరిశోధనగా చూడమని మాత్రం అంటాను.

అన్నిటికంటే నా మనసు ఉన్నది చిన్న మైనర్ల దగ్గర. 2022 మొదట్లో మైన్‌ఎక్స్ఎంఆర్ అనే పూల్ నెట్‌వర్క్‌లో 40 శాతం దాటింది. అప్పుడెవరూ అల్గారిథమ్ మార్చలేదు. జనం ఆ పూల్‌ను విడిచిపెట్టమని ఒకరికొకరు చెప్పుకున్నారు, ఆగస్టుకల్లా ఆ పూల్ తనకు తానే మూసేసుకుంది. 2021లో వచ్చిన పీ2పూల్‌లో యజమాని లేడు, రుసుము లేదు, బహుమతి నేరుగా మైనర్ వాలెట్‌కే చేరుతుంది. మీ అధికారిక వాలెట్‌లోనే పీ2పూల్ మైనింగ్ ఉంది. అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. వాలెట్ తెరవగానే, ఎక్కడో అడుగున మెనూలో కాకుండా, ముందే కనిపించేలా పెట్టండి. ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి కరెంటు ఖర్చు ఎంతవుతుందో, రోజుకు ఎంత రావచ్చో నిజాయితీగా చూపించండి. లాభం ఉండకపోవచ్చని కూడా రాయండి. తెలుగుతో సహా వీలైనన్ని భాషల్లో రాయండి. అలా వచ్చినవాళ్లను ఎక్కువ కూలి చూపించి లాక్కోవడం కష్టం, ఎందుకంటే వాళ్లు కూలి కోసం రాలేదు.

క్యూబిక్‌కు వెళ్లిన మైనర్లకు కూడా ఒక మాట. మీరు దొంగలు కారు. అదే ప్రాసెసర్, అదే కరెంటు బిల్లు, ఎక్కువ ఆదాయం: ఎవరైనా ఆలోచిస్తారు. కానీ మీకు వచ్చిన ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అది మొనేరో మీద నమ్మకాన్ని కరిగించి, ఆ వార్తతో ఇంకో టోకెన్ ధర లేపి, అందులోంచి మీకు పంచిన వాటా. మొనేరో విలువ పడిపోతే తవ్వడానికి మీకే ఏమీ మిగలదు. తిరిగి రండి. పెద్ద పూల్‌కే రానక్కర్లేదు, ఎంత చిన్నదైనా సరే, మీ బ్లాకును మీరే ఎంచుకునే చోటికి రండి.

గోప్యంగా డబ్బు ఇచ్చిపుచ్చుకోగలగడం నాకు చిన్న సంగతి కాదు. ఎవరికి ఎంత ఇచ్చామో, ఎవరి దగ్గర ఎంత పుచ్చుకున్నామో పదిమందికీ తెలియకుండా ఉండడం మా నాన్నల తరానికి చేతిలో నోటు ఉన్నంత మామూలు విషయం. ప్రతి పైసాకూ ఆనవాలు మిగిలే ఈ కాలంలో అది మీలాంటి కొద్దిమంది కట్టిన చోట మాత్రమే మిగిలింది. అందుకే ఇంత పట్టుపడుతున్నాను.

మీ నుంచి నేను కోరేది ఒక్కటే. అల్గారిథమ్ మార్చాలన్న ప్రతిపాదన ఇకపై ఎవరు తెచ్చినా, చర్చ మొదలుపెట్టకముందే ఒక ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు అడగండి: ఈ మార్పు తర్వాత దాడి చేసినవాడి యంత్రాల్లో ఏది, నిజాయితీగా తవ్వేవాడి యంత్రంలా కాకుండా, పనికిరాకుండా పోతుంది? 2018లో ఆ ప్రశ్నకు ఎక్స్3 అని పేరు పెట్టి చెప్పగలిగారు. ఈసారి అలాంటి పేరు ఒక్కటైనా చెప్పగలిగితే ఆ ప్రతిపాదనను నేనూ చదువుతాను, నచ్చితే నా నోడ్‌ను అప్‌డేట్ చేసుకుంటాను. చెప్పలేకపోతే దాన్ని పక్కనపెట్టి, పబ్లిష్ ఆర్ పెరిష్ మీద పరీక్షలను ముందుకు తీసుకెళ్లండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీ నోడ్ నిర్వాహకుల్లో ఒకరు